పెద్దతూము ఆత్మకథ

డోర్నకల్ చుట్టుపక్కల ఊళ్లలో ఒకదాని చెరువు కట్ట మీద ఓ నల్లరాతి బండ అడ్డంగా పడి ఉంది. పొద్దున బర్రెల కాపరులు, సాయంత్రం పేకాటరాయుళ్లు దాని మీద కూర్చుంటారు. మిట్టమధ్యాహ్నం తొండలది. బండ నడుమ పిడికిలి దూరేంత గుండ్రటి బెజ్జం ఉంది. అదెందుకో ఇప్పటి పిల్లలకు తెలియదు. బండ వీపున ఎర్రరంగుతో రాసింది మాత్రం అందరికీ నోటికొచ్చు: "ఇచ్చట బోర్లు వేయబడును". కింద సెల్ నంబరు. తనను పనిలోంచి తీయించినవాడి ప్రకటనను తన వీపు మీదే మోయాల్సి రావడం కన్నా అవమానం ఇంకోటి లేదని ఆ బండ వాదన.

దాని పేరు పెద్దతూము. నిజానికి తూమంటే ఒక్క రాయి కాదు. రెండు నిలువు స్తంభాలు, వాటి మధ్య అడ్డబండలు, అడుగున రాతి తొట్టి, కట్ట కిందినుంచి అవతలి కాలువలోకి పోయే రాతి సొరంగం, అన్నీ కలిస్తే తూము. మిగిలింది ఈ అడ్డబండ ఒక్కటే కాబట్టి పూర్తి పేరు తనకే దక్కాలంటుంది. తన గురించి చెప్పుకునేటప్పుడు "నేను" అనదు. "తూము అట్ల చేసింది, తూము ఇట్ల చూసింది" అంటుంది, పాతకాలపు పెద్దమనుషుల తీరున. దాని కథ కూడా అదే తీరున సాగుతుంది.

పుట్టుక గురించి తూము ఎక్కువ చెప్పదు. గుట్టలో బండను చీల్చారు, ఉలితో బెజ్జం తొలిచారు, ఎద్దులతో లాక్కొచ్చి నిలబెట్టారు. అంతే. ఎవరి కాలంలో అంటే మాత్రం "కాకతీయుల కాలంలో" అని గొంతు పెంచుతుంది. శాసనం ఏదీ లేదు. ఓరుగల్లు సీమలో ప్రతి చెరువూ అదే మాట చెబుతుంది. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులకు ఆ మాట అనే హక్కుంది, మిగతావి వాటి పక్కన నిలబడి ఫొటో దిగుతాయి. 13వ శతాబ్దంలో గణపతిదేవుని ఏలుబడిలో కట్టిన పాఖాల ఇవాళ్టికీ నర్సంపేట వైపు పొలాలకు నీరిస్తోంది. దాని చుట్టూ ఉన్న అడవి 1952 నుంచి అభయారణ్యం. చెరువు తవ్వించడం సప్త సంతానాల్లో ఒకటని నమ్మిన కాలమది. నమ్మకం ఒక్కటే సరిపోదని కూడా ఆ కాలపువాళ్లకు తెలుసు. అందుకే చెరువు కట్టినవాడికి, దాన్ని బాగుచేస్తూ ఉండేవాడికి ఆయకట్టులో కొంత భూమిని దశబంధం కింద వదిలారు. పుణ్యంతో పాటు పొలం కూడా ఇస్తేనే కట్ట నిలుస్తుందని తూము అభిప్రాయం.

తూముకు అందరికంటే ఇష్టమైన మనిషి, చెరువు నీళ్లు వదిలే నీరడి.

బెజ్జం గుండా నిలువునా నీళ్లలోకి దిగిన పొడుగాటి కర్ర, దాని కొసకు చెక్క బిరడా. నీరడి నడుముకు గోచీ బిగించి, కట్ట దిగి, స్తంభం పట్టుకుని ఎక్కేవాడు. అడ్డబండ మీద కాళ్లు రెండూ ఎడంగా పెట్టి కర్రను రెండు చేతులా లేపేవాడు. ముందు ఏమీ జరిగేది కాదు. తర్వాత కింద ఎక్కడో గుడగుడమని చప్పుడు, కట్ట అవతల కాలువలో ఎండుటాకులు కదలడం. ఎంత లేపితే ఎన్ని మడులు తడుస్తాయో అతని భుజాలకు తెలుసు. బిరడా ఇరుక్కుంటే ఊపిరి బిగబట్టి మునిగేవాడు. పైకి తేలేదాకా కట్ట మీద అతని భార్య మైసమ్మకు మొక్కుతూ ఉండేది. కర్ర ఒరిసిన చోట బెజ్జం అంచు ఇప్పటికీ నున్నగా ఉంది, వేలు పెట్టి చూడొచ్చు. తన ఒంటి మీద తూము గర్వపడే చోటు అదే. కోతలప్పుడు కళ్లం కళ్లానికీ తిరిగి నీరడి తెచ్చుకునే మేర ధాన్యమే అతని జీతం.

అయితే తూము ఎప్పుడు లేపాలన్నది నీరడి ఒక్కడు తేల్చేది కాదు. కట్ట మీద మైసమ్మ గద్దె దగ్గర ఆయకట్టు రైతులు, చేపలు పట్టే ముదిరాజులు, బట్టలుతికేవాళ్లు, బర్రెలవాళ్లు కూర్చునేవారు. యాసంగికి ఎన్ని ఎకరాలు, ఎన్ని తడులు, చేపలకు ఎంత నీరు, పశువులకు ఎంత, అన్నీ అక్కడే తెగేవి. ఆ కూటమిలో ఎవరి గొంతు పెద్దదో, ఎవరిది చిన్నదో తూముకు తెలియనిది కాదు. దళితుల మడి ఎప్పుడూ కాలువ కొసనే ఉండేది, నీళ్లు ఎప్పుడూ అక్కడికే ఆఖరున చేరేవి. ఆ రోజులన్నీ బంగారమని తూము అనదు. కాకపోతే పదిమంది కూర్చుని తగవులాడుకునే చెరువుకు దిక్కుంటుందని అంటుంది.

విచిత్రమేమంటే, అలా కూర్చున్నవాళ్లలో ఎవరికీ కొంగల మీద ప్రత్యేకంగా ప్రేమ లేదు. అయినా కొంగలు బతికాయి. సంక్రాంతి దాటాక తడి తడికీ నీరు తీస్తుంటే చెరువు అంచు నెమ్మదిగా లోపలికి జరిగేది. జరిగినప్పుడల్లా ఒక పట్టీ బురద బయటపడేది. ఆ బురదలో పురుగులు, నత్తలు, గుంటల్లో చిక్కిన పరిగెలు. చలికాలపు అతిథులైన ఉల్లంకి పిట్టలు తడి మట్టి మీద, తెల్లకొంగలు చీలమండ లోతులో, ఎర్రకాళ్ల కొంగలు మోకాలి లోతులో, బుడుబుంగలు నీటి నడుమ. ఎవరి కాళ్ల పొడవును బట్టి వాళ్ల విస్తరి. నీరు ఒకేసారి ఇంకిపోతే ఈ పంక్తి కుదరదు, ఏడాది పొడవునా నిండుగా ఉన్నా కుదరదు. రైతుల తడుల లెక్కే పక్షులకు పంచాంగం అయింది.

నత్తగుల్ల కొంగ అయితే తూము పక్కనే మకాం పెట్టేది. దాని ముక్కు రెండు దవడలూ నడుమ కలవవు, సందు కనిపిస్తుంది. అది నత్తను పగలగొట్టదు. చిప్పను నేలకేసి నొక్కిపట్టి, ముక్కు కొసను మూత సందులోంచి లోపలికి జొనిపి, ఒంటిని చిప్పకు పట్టి ఉంచే కండరం దగ్గర తెంపి, మాంసాన్ని సుతారంగా బయటికి లాగుతుంది. చిప్ప చెక్కుచెదరదు. తొట్టి చుట్టూ అలాంటి ఖాళీ చిప్పలు కుప్పగా పడి ఉండేవి. పిల్లలు వాటితో గవ్వలాట ఆడేవారు.

ఈలోగా రైలు వచ్చింది. నిజాం రైల్వే కంపెనీ 1888లో ఇల్లెందు బొగ్గు గనులకు డోర్నకల్ మీదుగా పట్టాలు వేసింది, మరుసటేడు లైను బెజవాడ దాకా పోయింది. రైలు కట్ట కొన్ని ఒర్రెల దారి మళ్లించిందని తూముకు చిన్న ఫిర్యాదు ఉంది. 1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. గుడి గోపురాల పోలికలు, మసీదు మినార్ల పోలికలు కలిపి కట్టిన పెద్ద చర్చి 1939లో లేచింది. ఊరు పెరిగింది. తూము పని మాత్రం మారలేదు.

మార్చింది బోరు. తూముకు కోపమంతా దాని మీదే. చెరువు నీళ్లకు పదిమందిని అడగాలి, బోరుకు మీట నొక్కితే చాలు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా. ఎవడి నీళ్లు వాడివి అయిపోయాయి. ఆ బోరులో ఊరేది కూడా చాలావరకు చెరువులో నిలిచి ఇంకిన నీరేనని తూము ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. మైసమ్మ గద్దె దగ్గర కూటమి పలచబడి, తర్వాత ఆగిపోయింది. నీరడి కొడుకు గ్రామ రెవెన్యూ సహాయకుడై ఆఫీసు కాగితాలు మోశాడు. 2023లో రాష్ట్రంలోని 20,555 మంది సహాయకులను వేరే వేరే శాఖల్లో సర్దినప్పుడు అతనూ పట్నంలో ఏదో ఆఫీసుకు వెళ్లిపోయాడు. మంచిదే, నెలనెలా జీతం వస్తోంది. తూము కర్ర పట్టుకోవడం మాత్రం అతను కాగితాలు మోయడం మొదలుపెట్టిన నాడే పోయింది.

కూటమి ఆగిపోయిన తర్వాతి ఏళ్ల గురించి చెప్పేటప్పుడు తూము తొందరపడదు. మొదట కర్ర పుచ్చి విరిగింది. ఎవరూ కొత్తది పెట్టలేదు. బిరడా సందులోంచి రాత్రింబవళ్లు నీరు కారుతుంటే ఎవరో గోనెసంచి కుక్కారు. అది కుళ్లాక ఇంకొకరు సిమెంటు సంచి కుక్కారు. తొట్టి పూడింది. కట్ట మీద సర్కారు తుమ్మ మొలిచింది. వేళ్లు రాళ్ల సందుల్లోకి దూరి రివిట్‌మెంటును ఒక్కో రాయిగా ఊడదీశాయి. గుర్రపుడెక్క నీటిని కప్పేసింది. దాని కింద వెలుతురు లేక, గాలి లేక చేపలు తేలాయి. చెరువు లోపలి శిఖం భూమిలోకి చేల గెట్లు జరిగాయి, ఏడాదికి ఒక చాలు చొప్పున, ఎవరికీ కనపడనంత మర్యాదగా. మిర్చి, పత్తి చేలల్లో కొట్టిన మందులు వానకు కొట్టుకొచ్చి చెరువులో చేరాయి. కలుపు మందు వచ్చాక చేల గట్ల మీద గునుగు కూడా తగ్గింది. బతుకమ్మ పేర్చడానికి ఆడపిల్లలు గునుగు కోసం రెండు ఊళ్ల అవతలికి పోవాల్సి వచ్చింది. నిమజ్జనానికి వచ్చిన ప్లాస్టర్ విగ్రహాలు కరగక, తొట్టి పక్కన ఒక వినాయకుడు తొండం విరిగి చాలాకాలం తూముకు తోడున్నాడు. ఇద్దరూ మాట్లాడుకునేవారా అంటే, "ఏం మాట్లాడుకుంటం, ఇద్దరినీ పూజ అయినంక పడేసిండ్రు" అంటుంది తూము.

నత్తగుల్ల కొంగ ఎప్పుడు రావడం మానేసిందో ఎవరూ గమనించలేదు. తూము గమనించింది. చిప్పల కుప్ప పెరగడం ఆగిపోయింది.

ఊళ్లు మళ్లీ చెరువు వైపు చూసిన సందర్భాలూ లేకపోలేదు. 2005-06లో పాత వరంగల్ జిల్లా సాలివాగు పరీవాహకంలో మారి అనే స్వచ్ఛంద సంస్థ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇండియా కలిసి 12 చెరువుల్లో పూడిక తీయించాయి. తవ్వే ఖర్చు పథకానిది, మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతులదే. ఉచితంగా రాలేదు కాబట్టి రైతులు ఏ మట్టి మంచిదో చూసి మరీ తీసుకెళ్లారు. ఒండ్రు వేసిన చేలల్లో ఎరువుల ఖర్చు తగ్గింది, పత్తి బాగా వచ్చింది. తర్వాత 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రమంతటా 46,531 చెరువులు, కుంటలు లక్ష్యం. ట్రాక్టర్లు బారులు తీరాయి, పొలాల్లో నల్లమట్టి కుప్పలు లేచాయి. ఎన్నో ఊళ్లలో బావుల్లో నీళ్లు పైకి వచ్చాయి. తూముకు ఆ సంగతి సంతోషమే.

తన సంగతి వేరు. ఏ పనిలో, ఎవరి చేతుల్లో జరిగిందన్నది అనవసరం. ఒకరోజు పొక్లెయిన్ వచ్చింది. స్తంభాలు రెండూ విరిగాయి. ఒకటి కొత్త సిమెంటు గోడలో కలిసిపోయింది, ఇంకొకటి ఎవరింటి ముందో మెట్టు అయింది. "గీ బండ ఎందుకురా, పక్కకు జరుపు" అన్నారు. జరిపారు. దాని స్థానంలో ఇనుప పలక, తిప్పే మర వచ్చాయి. మర బాగానే ఉంది. దాని తిప్పుడు కర్ర మూడో నెలలో పోయింది.

తవ్విన తీరు గురించి తూముకు ఇంకో అభ్యంతరం. కొన్నిచోట్ల అంచులను వాలుగా వదలకుండా నిట్టనిలువునా దింపారు. అలాంటి చెరువు గోలెం లాంటిది. నీరు ఎక్కువే పడుతుంది, కొంగ నిలబడటానికి మాత్రం చోటుండదు. పొట్టి కాళ్ల పక్షికి అరడుగు లోతు కావాలి, నిలువు గట్టు పక్కన అరడుగు లోతు ఎక్కడుంటుంది? చేపల విషయంలోనూ అంతే. 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించారు. అదే ఏడాది నుంచి చెరువుల్లో ఉచితంగా పోస్తున్న పిల్లలు మాత్రం బొచ్చె, రవ్వ, బంగారుతీగ. బంగారుతీగ బయటినుంచి వచ్చిన చేప. అడుగుమట్టిని తవ్వి, నీటి మొక్కల వేళ్లు పీకి, నీటిని కలకబారుస్తుంది. మత్స్యకారుల సొసైటీకి ఆ చేపలే నాలుగు డబ్బులు తెస్తున్నాయి కాబట్టి తూము గట్టిగా మాట్లాడదు. కొర్రమీనుకు పట్టాభిషేకం చేసి చెరువు మాత్రం వేరేవాళ్లకు ఇచ్చారని గొణుగుతుంది, అంతే.

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1 పొద్దున మహబూబాబాద్ జిల్లాలో కురిసిన వానను తూము మరచిపోదు. ఆకేరు వంతెనల మీదికి ఎక్కింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. జిల్లాలో ఎన్నో చెరువులు తెగాయి. ఆ రాత్రి ఈ ఊరి చెరువు మత్తడి దుంకుతుంటే ఎన్నడూ కట్ట ఎక్కని యువకులు సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఇసుక సంచులు వేశారు, మత్తడికి అడ్డం పడిన తుమ్మకొమ్మలు నరికారు. కట్ట నిలిచింది. తెల్లారాక అలసిపోయి నలుగురు వచ్చి తూము బండ మీదే కూలబడ్డారు. ఆ బండ ఎందుకుందని ఒకడు అడిగితే, గొర్లు కాసే ముసలాయన వచ్చి బెజ్జంలో చేయి పెట్టి చూపించాడు.

అప్పటినుంచి మైసమ్మ గద్దె దగ్గర మళ్లీ అప్పుడప్పుడు పదిమంది చేరుతున్నారు. మాటల్లో చీమలపాడు వచ్చింది. డోర్నకల్ నుంచి మణుగూరు లైనులో పోతే తగిలే కారేపల్లి మండలంలోని ఊరది. అక్కడి చెట్ల మీద కొంగలు ఏటా వచ్చి గూళ్లు పెడతాయి. ఊరివాళ్లు వాటి మీద రాయి వేయనివ్వరు, ఇంటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. "సైబీరియా పక్షులు" అని అంతా అంటారు గానీ, ఎర్రకాళ్ల కొంగైనా నత్తగుల్ల కొంగైనా మన ఉపఖండం పిట్టలే. సైబీరియా అంటే మర్యాద ఎక్కువ దొరుకుతుందేమోనని తూము అనుమానం. తమిళనాడులో వేడంతాంగళ్ రైతులు మరీ తెలివైనవాళ్లు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని కనిపెట్టి, 18వ శతాబ్దం చివర్లోనే అప్పటి కలెక్టర్ దగ్గరికి పోయి తుపాకీ కాల్పులు ఆపించుకున్నారు.

ఈ ఊళ్లోనూ చట్టం ఇచ్చిన పనిముట్టు ఒకటి ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ చేమా పిట్టా పురుగూ రాసిన రిజిస్టరు ఉండాలి. దేశంలో చాలాచోట్ల ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2020 జనవరి 31లోగా పూర్తిచేయకపోతే నెలకు రాష్ట్రానికి 10 లక్షల జరిమానా అన్నాక రిజిస్టర్లు పరుగున తయారయ్యాయి. పరుగున రాసినదాంట్లో ఏముంటుంది? వేప, రావి, మర్రి, కాకి, పిచ్చుక. హైదరాబాదు పక్కన అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమన్న గుర్తింపు వచ్చింది, నగరాల చెరువుల్లో దేశంలో అదే మొదటిది. అక్కడ జనం ముందు చెత్త ఎత్తారు, పక్షులను లెక్కపెట్టారు, కాగితం తర్వాత వచ్చింది. ఆ వరస సరైనదని తూము అంటుంది. ఈ ఊరి రిజిస్టరులో ఏం రాయాలో దానికి స్పష్టంగా తెలుసు. ఏ నెలలో అంచు ఎక్కడికి జరుగుతుంది, ఏ గుంటలో మార్పు చేపలు దాక్కుంటాయి, ఎవరి చెలక గట్టున ఇంకా తంగేడు ఉంది, ఏ తుమ్మ మీద ఎన్ని గూళ్లు. ఇవి రాయాలంటే రాసేవాడు గొర్ల కాపరిని, చేపలు పట్టేవాణ్ని, తండా ఆడవాళ్లను అడగాలి. ఆఫీసు బల్ల దగ్గర దొరికే సంగతులు కావివి.

ప్రస్తుతం తగవు నల్లతుమ్మల మీద నడుస్తోంది. శిఖంలో నీళ్ల నడుమ పాతిక తుమ్మలున్నాయి, వాటి మీద నీటికాకులు, తెల్లకొంగలు గూళ్లు పెట్టాయి. వేలం వేస్తే పంచాయతీకి డబ్బు వస్తుందని కొందరు. నీటికాకులు చేప పిల్లలను మింగుతున్నాయి, చెట్లు పోతే పీడ పోతుందని సొసైటీలో కొందరు. రెట్ట పడిన చోట చేపలు బలుస్తాయని అదే సొసైటీలో ఇంకొందరు. యాసంగికి ఎప్పుడు నీళ్లు వదలాలన్నది మళ్లీ చర్చకు వచ్చింది, కొసమడి వాళ్లు ఈసారి ముందు వరసలో కూర్చుని గట్టిగా మాట్లాడుతున్నారు. గూళ్లలో పిల్లలు ఎగిరేదాకా చెట్లు ముట్టొద్దని, అప్పటిదాకా చెట్ల మొదట్లో నడుములోతు నీరు ఉండేట్టు మర తిప్పాలని ముసలి కాపరి ఒక మాట అన్నాడు. నీళ్లుంటే గూళ్ల మీదికి పిల్లులు, కుక్కలు పోలేవట.

మాట ఇంకా తెగలేదు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటామన్నారు. మర తిప్పడానికి కర్ర ఎవరు చేయించాలి, దానికి డబ్బు ఎవరివ్వాలి అన్నది కూడా ఆ రోజే తేలాలి.